ఐదుకూ ఆరుకూ మధ్య: మదనపల్లె సీమ హైస్కూళ్ళూ, మేమూ

మదనపల్లె చదువుల చరిత్ర చెప్పమంటే ఎవరైనా మూడు పేర్లు చెప్తారు. 1915లో ఇక్కడ థియోసాఫికల్ కాలేజీ పెట్టించిన అనీ బిసెంట్. 1919లో ఆ కాలేజీకి వచ్చి, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన రవీంద్రనాథ్ ఠాగూర్. 1895లో ఈ ఊళ్ళోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. ఆయన తలపెట్టిన రిషీవ్యాలీ బడి 1926 నుంచి లెక్క. ఇంకొంచెం తెలిసినవాళ్ళయితే ఆర్కాట్ మిషన్ అమెరికన్ దొరలనూ, వాళ్ళ ఆసుపత్రినీ, వాళ్ళ బడులనూ కలుపుతారు.

ఇవన్నీ నిజాలే. ఊరి పేరు జాతీయగీతంతో ముడిపడి ఉండడం మాక్కూడా సంతోషమే. కానీ ఈ కథ విన్న ప్రతిసారీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఠాగూరు వచ్చిన రోజున అదే ఊళ్ళో దూదేకే ఇంటి పిల్లలు, జట్కా తోలే సాయిబు పిల్లలు, మాంసం కొట్టు నడిపే ఇంటి పిల్లలు ఎక్కడున్నారు? వాళ్ళు ఏ బడిలో చదివారు? ఎందాకా చదివారు? ఎక్కడ ఆగిపోయారు?

వాళ్ళలో పై చదువు దాకా పోయిన కొద్దిమంది పోయింది ఎక్కువగా ఒకే రకం బడికి. దాన్ని మా పెద్దలు 'బోర్డు హైస్కూలు' అన్నారు. తర్వాత అది 'జడ్పీ హైస్కూలు' అయింది. దానికి ఠాగూర్లు లేరు. దాని గోడ మీద శిలాఫలకం ఉన్నా ఎవరూ చదవరు. అయినా ఈ సీమలో తురకపిల్లవాడు మొదటిసారి రెడ్డి పిల్లవాడి పక్కన, మాల పిల్లవాడి పక్కన ఒకే బెంచీ మీద కూర్చున్నది అక్కడే. మా చరిత్ర రాసుకోవాలంటే ఆ బెంచీ దగ్గర మొదలుపెట్టాలి.

ముందు మేమెవరమో చెప్పాలి. ముస్లింలనగానే చాలామందికి నవాబులు గుర్తొస్తారు. మదనపల్లెకు దగ్గర్లోనే గుర్రంకొండ ఉంది. హైదర్, టిప్పుల కాలంలో అది మైసూరు రాజ్యానికి గట్టి కోట. 1799లో టిప్పు చనిపోయాడు. ఆ సీమ నిజాము చేతికి పోయి, 1800లో దత్తమండలాల్లో భాగంగా ఇంగ్లీషు వాళ్ళ చేతికొచ్చింది. కోటలో నవాబులుండిన మాట నిజం. ఆ నవాబులు కొద్దిమందే. కోట కింద గుర్రాలకు నాడాలు కొట్టినవాళ్ళు, గడ్డి మోసినవాళ్ళు, దూదేకినవాళ్ళు, బట్ట నేసినవాళ్ళు, సిపాయిలు వేలమంది. రాజ్యం పోయాక నవాబులకు పింఛన్లూ జాగీర్లూ దొరికాయి. సిపాయికి దొరికింది ఊరి చివర గుడిసె. మేము ఆ గుడిసె వాళ్ళం. "ఎనిమిది వందల ఏళ్ళు ఏలారు కదా, ఇంకా ఏం కావాలి?" అని అడిగేవాళ్ళు ఒక్కసారి ఈ తేడా గమనించాలి.

పుంగనూరు, కుప్పం కథ ఇంకొంచెం వేరు. పుంగనూరు జమీందారీ ఊరు. కుప్పం కంగుంది జమీలోది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా పుట్టినప్పుడు కడప జిల్లా నుంచి మదనపల్లెను తెచ్చి ఉత్తర ఆర్కాటు తాలూకాలతో కలిపారు. అలా ఈ మూడు ఊళ్ళూ ఒకే జిల్లా కిందికొచ్చాయి. పైకొసన మదనపల్లె, కిందికొసన కుప్పం, మధ్యలో పుంగనూరు. మదనపల్లెకు కన్నడ గాలి తగుల్తుంది. కుప్పానికి కన్నడమూ అరవమూ రెండూ తగుల్తాయి. మూడు ఊళ్ళలోనూ మా ఇళ్ళలో మాట్లాడేది తురకం. దాన్నిప్పుడు దక్కనీ ఉర్దూ అని గౌరవంగా అంటున్నారు.

దొరల లెక్కల్లో మా పిల్లలు చాలా ముందునుంచే ఉన్నారు. దత్తమండలాలకు మొదట కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1822లో రాజధాని మొత్తం మీద బడుల లెక్క తీయించాడు. 1826కి ఆ లెక్క తేలింది: 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. ఆ పట్టికల్లో బ్రాహ్మణులకు ఒక వరస, వైశ్యులకు ఒక వరస, శూద్రులకు ఒక వరస, ముసల్మానులకు ఒక వరస. అంటే వీధిబడుల కాలంలోనే మేము కూడా ఓనమాలో, అలీఫ్ బేనో దిద్దుకుంటూ ఉన్నాం. చదువంటే గిట్టని జాతి అన్న మాట అప్పటికి పుట్టలేదు.

ఆ మాట తర్వాత పుట్టింది. 1837లో చట్టం చేసి కోర్టుల్లో పారశీకాన్ని పక్కకు తప్పించారు. 1844లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళకే సర్కారు కొలువులన్నారు. 1854 నుంచి బడి పెట్టినవాళ్ళకు గ్రాంట్లిచ్చారు. బడి పెట్టగలిగింది మిషన్లు, ఊరి పెద్దకులాలు. మా మొహల్లాల్లో బడి పెట్టే స్తోమత ఎవరికుంది? అరబ్బీ నేర్పే ముల్లా ఉన్నాడు, అంతే. ఒక తరం గడిచేసరికి మా తాతల చేతిలో ఉన్న చదువు చెల్లని నాణెమైపోయింది. కొత్త నాణెం మా వీధికి రాలేదు.

1871లో మేయో ప్రభుత్వానికి ఈ సంగతి తట్టింది. ముసల్మానులు చదువులో వెనకబడ్డారని తీర్మానం చేసింది. 1872లో మద్రాసు ప్రభుత్వం ముస్లింలు ఎక్కువగా ఉన్న చోట్ల ప్రత్యేకంగా బడులు పెట్టాలని, తరగతులు తెరవాలని ఉత్తర్వులిచ్చింది. 1882లో హంటర్ కమిషను కూడా ఇదే చెప్పింది. ముస్లిం పిల్లలకు సగం ఫీజు అన్న పద్ధతి కూడా మద్రాసు రాజధానిలో నడిచింది. ఊళ్ళలో 'ఉర్దూ బడి', 'సాయిబుల బడి' అని పిలిచే ఎలిమెంటరీ బడులు ఈ దారిలోనే వచ్చాయి.

మరోపక్క 1871లోనే లోకల్ ఫండ్స్ చట్టం వచ్చింది. ఊరి పన్నులోంచి బడులకు ఖర్చు పెట్టడం మొదలైంది. 1884లో, మళ్ళీ 1920లో లోకల్ బోర్డుల చట్టాలు వచ్చాయి. 1934లో తాలూకా బోర్డులు పోయి జిల్లా బోర్డులు మిగిలాయి. ఈ బోర్డుల హైస్కూళ్ళే మన 'బోర్డు హైస్కూళ్ళు'. మిషను బడిలో బైబిలు ఉంటుంది. థియోసఫీ బడిలో వాళ్ళ ఆదర్శాలుంటాయి. బోర్డు బడిలో ఊరి డబ్బు ఉంటుంది. సాయిబు కట్టిన పన్నూ అందులో ఉంటుంది. అందుకే ఆ బడి మీద మాకొక హక్కుండింది. దాన్ని హక్కని అనుకోవడానికి మాకు చాలాకాలం పట్టింది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. మాకిచ్చిన ఉర్దూ బడి ఐదో తరగతితో ఆగిపోయేది. పైన ఉన్న హైస్కూలు ఇంకో భాషలో నడిచేది. మొదట్లో ఇంగ్లీషు, ఆ తర్వాత తెలుగు. ఇంట్లో తురకం మాట్లాడే పిల్లవాడు బడిలో పుస్తకాల ఉర్దూ నేర్చుకోవాలి. ఆ ఉర్దూ వాడి తురకం కాదు, లక్నో ఉర్దూ. ఇంట్లో 'నక్కో' అంటే బడిలో 'నహీ' అనాలి. ఐదేళ్ళు కష్టపడి అది పట్టుబడేసరికి ఆరో తరగతిలో తెలుగు వాచకం చేతికిస్తారు. వీధిలో తెలుగు గడగడా మాట్లాడే పిల్లవాడే, ఛందస్సూ సంధులూ వచ్చేసరికి బిక్కమొహం వేస్తాడు. తోటి పిల్లలు ఐదేళ్ళు నేర్చుకున్న దాన్ని వాడు ఐదు నెలల్లో అందుకోవాలి. అందుకోలేక ఫెయిలవుతాడు. ఫెయిలయితే వాళ్ళబ్బ మెకానిక్ షెడ్డులో చేర్పిస్తాడు, లేకపోతే పట్టుదారం తీసే చోట పనికి పెడతాడు. ఊళ్ళో వాళ్ళు "తురకోళ్ళకు చదువు అబ్బదులే" అంటారు.

ఈ గండి ఒక్కరోజులో తవ్వింది కాదు. స్వతంత్రం వచ్చాక కూడా దాన్ని పూడ్చలేదు. 1949లో విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క పెట్టింది. తరగతిలో 10 మందో, బడి మొత్తం మీద 40 మందో అల్పసంఖ్యాక భాష పిల్లలుంటే ప్రాథమిక దశలో ఆ భాషలో చెప్పాలని. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణ కూడా మాతృభాషలో చదువును ప్రాథమిక దశకే చెప్పింది. హైస్కూలుకొచ్చేసరికి లెక్క పెరిగింది: తరగతికి 15, పై నాలుగు తరగతుల్లో 60. ఐదో తరగతి లోపే సగం మంది రాలిపోతుంటే, పైన అరవై మందిని ఎక్కణ్ణుంచి తెస్తాం? పిల్లలు లేరని టీచర్ను ఇవ్వరు. టీచర్ లేడని పిల్లలు రారు. కాగితం మీద అన్యాయం ఎక్కడా కనపడదు. మా మొహల్లాలో మాత్రం ప్రతి ఇంట్లో కనపడుతుంది.

మరి ఇంకో దారి లేదా? ఉండింది. కుప్పంలో రైలెక్కి జోలార్‌పేట దాటితే వాణియంబాడి వస్తుంది. అక్కడి ముస్లింలు 1901లోనే విద్యాసంఘం పెట్టుకున్నారు. 1919లో ఇస్లామియా కాలేజీ తెరిచారు. ఠాగూరు మదనపల్లెకు వచ్చిన సంవత్సరమే అది. వాళ్ళకు తోలు వ్యాపారం ఉంది. వ్యాపారంలో మిగిలిన డబ్బు బడిగా మారింది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ పూనికతో 1947లో ఉస్మానియా కాలేజీ వచ్చింది. బెంగుళూరులో 1966లో అల్-అమీన్ సంస్థ పుట్టింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పాల్లో అంతటి షావుకార్లు మాలో లేరు. మాకు సొంతంగా పెట్టుకునే శక్తి లేదు కాబట్టి ప్రభుత్వ హైస్కూలు ఒక్కటే దిక్కయింది. ధనికులైన ముస్లింలకు ఇస్లామియా కాలేజీ ఉంది. పేద ముస్లింకు జడ్పీ హైస్కూలే ఉంది. ముస్లింలందరూ ఒకటే అనేవాళ్ళు, వాళ్ళు మావాళ్ళయినా బయటివాళ్ళయినా, ఈ రెండు ఊళ్ళ మధ్య రైలు ప్రయాణం చేయాలి.

స్వతంత్రం తర్వాత పదేళ్ళు మాకు రెండు విధాలుగా గడిచాయి. 1927 కమ్యూనల్ జీవో ప్రకారం మద్రాసు రాజధానిలో ప్రతి 12 సర్కారు కొలువుల్లో 2 ముస్లింలవి. 1947లో లెక్క మార్చి 14కి ఒకటి చేశారు. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో కులం, మతం వారీ సీట్ల పద్ధతి కూలింది. వెనకబడిన కులాలకు రాజ్యాంగ సవరణతో మళ్ళీ తలుపు తెరిచారు. ముస్లింలన్న పేరుతో ఉన్న తలుపు మూసే ఉండిపోయింది. 1953లో సీమ ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. 1970లో వెనకబడిన తరగతుల జాబితాలో దూదేకులవాళ్ళకు చోటు దొరికింది. షేకులకు దొరకలేదు. ఒకే వీధిలో ఒకే పేదరికంలో ఉన్న రెండు ఇళ్ళకు రెండు సర్టిఫికెట్లు. చివరికి 2007 చట్టంతో బీసీ-ఇ కింద నాలుగు శాతం వచ్చేసరికి 56 ఏళ్ళు గడిచిపోయాయి. రెండు తరాలు!

సరిగ్గా ఆ 56 ఏళ్ళలోనే హైస్కూళ్ళు పెరిగాయి. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చి పుంగనూరు, కంగుంది జమీలు పోయాయి. 1959 నవంబరులో పంచాయతీరాజ్ వచ్చి బోర్డు హైస్కూళ్ళు జిల్లా పరిషత్ చేతికి పోయాయి. తాలూకా కేంద్రంలోనే ఉండే హైస్కూలు పెద్ద పల్లెలకు పాకింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆఫీసులతో పాటు చదువు కూడా దగ్గరికి జరిగింది. బడి నడిచిపోయేంత దూరంలోకి రావడం ఎంత పెద్ద మార్పో బస్సు చార్జీ లెక్క వేసుకున్న ఇంటికే తెలుస్తుంది. వాటా లేని కాలంలో మమ్మల్ని కొద్దిగానైనా నిలబెట్టింది ఈ బడులే. టీచర్లయినా, ఆర్టీసీ కండక్టర్లయినా, కానిస్టేబుళ్ళయినా, కోర్టు గుమాస్తాలయినా, మాలో మొదటి తరం జీతగాళ్ళలో చాలామంది ఈ బెంచీల మీంచి లేచినవాళ్ళే.

ఇంకొకటి కూడా ఈ బడే ఇచ్చింది. తెలుగునిచ్చింది. ఇది చిన్న విషయం కాదు. సంధి రాక ఏడ్చిన పిల్లల్లోనే కొందరు పట్టుబట్టి వేమననూ సుమతినీ బట్టీ పట్టారు. కొందరు తెలుగు పండితులయ్యారు. సాయిబు తెలుగు అయివారు కావడం చూసి మొదట నవ్విన ఊరే తర్వాత తన పిల్లల్ని ఆయన దగ్గరికి ట్యూషన్‌కు పంపింది. 1990లలో ముస్లింలు తెలుగులో కవిత్వం, కథలు రాయడం మొదలుపెడితే చాలామంది ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యమెందుకు? ప్రభుత్వ హైస్కూలు యాభై ఏళ్ళుగా వేసిన విత్తనం అది. తెలుగు మాకు ఎవరో దానంగా ఇచ్చింది కాదు. ఐదుకూ ఆరుకూ మధ్య గండి ఈది మేము సంపాదించుకున్నది. దీని మీద మీకెంత హక్కుందో మాకూ అంతే ఉంది. తురకం మా అమ్మది. తెలుగు మేము కష్టపడి తెచ్చుకున్నది. రెండిట్లో ఏదో ఒకటి వదలమంటే వదలం.

అదే బడి మమ్మల్ని గాయపరిచింది కూడా. దాన్ని దాచిపెడితే ఈ చరిత్ర అబద్ధమవుతుంది. హాజరు పట్టీలో పేరు పిలిచినప్పుడు తరగతిలో వినిపించే ఇకిలింపు. గజనీ మహమ్మదు పాఠం రోజున వెనక్కి తిరిగి మావాడి వైపు చూసే నలభై జతల కళ్ళు. తొమ్మిది వందల ఏళ్ళ కిందటి దండయాత్రకు పదమూడేళ్ళ పిల్లవాడు జవాబు చెప్పాలా? టిప్పు పాఠం వచ్చిన రోజున మాత్రం వాడు తలెత్తి కూర్చునేవాడు. పాపం, ఆ రాజూ వాడి రాజు కాదు, ఈ దండయాత్రా వాడిది కాదు. 1992 డిసెంబర్ 6 తర్వాత ఆ చూపులు ఇంకా ముదిరాయి. అయినా ఆ తరగతిలోనే భోజనం డబ్బా పంచుకున్న స్నేహితుడూ ఉన్నాడు. రంజాన్ నెలలో మధ్యాహ్నం ఎండలో నిలబెట్టకుండా నీడకు పంపిన డ్రిల్లు మాస్టారూ ఉన్నాడు. అవమానమూ స్నేహమూ ఒకే గదిలో దొరికాయి. వేరే వేరే బడుల్లో పెరిగినవాళ్ళకు అవమానం దూరం నుంచి తగుల్తుంది. స్నేహం అసలు దొరకదు.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. గండి మగపిల్లవాడికి ఒకటయితే ఆడపిల్లకు మూడు. భాష ఒకటి. దూరం ఒకటి. పెద్దమనిషయ్యాక ఇల్లు దాటనివ్వని మా ఇళ్ళ కట్టు ఇంకోటి. ఈ మూడోదానికి బయటివాళ్ళ మీద నింద వేయలేం. ఎనిమిదో తరగతి చదివే పిల్లకు బీడీల చాట చేతికిచ్చింది మేమే. మగపిల్లవాడికి ఫీజు కట్టి ఆడపిల్లను మాన్పించింది మేమే. కానీ ఒక మాట గమనించండి. దగ్గర్లో బాలికల హైస్కూలు ఉండి, అందులో ఆడ టీచర్లుండి, మరుగుదొడ్డి ఉండి ఉంటే ఎంతమంది తల్లులు ఒప్పుకునేవాళ్ళో మాకు తెలుసు. బుర్ఖా వేసుకుని అయినా పంపేవాళ్ళు, పంపారు కూడా. 2010 ఏప్రిల్ నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 14 ఏళ్ళ దాకానే హక్కిచ్చింది. అంటే ఎనిమిదో తరగతి దాకా. సరిగ్గా మా ఆడపిల్ల బడి మానే చోట చట్టం కూడా మానేసింది.

"మీవాళ్ళంతా మదర్సాలకు పోతారు కదా" అంటారు కొందరు పెద్దమనుషులు. 2006లో సచార్ కమిటీ లెక్క చెప్పింది. మదర్సాల్లో చదివే ముస్లిం పిల్లలు నూటికి ముగ్గురో నలుగురో. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో నాలుగో వంతు మంది అయితే అసలు బడి ముఖం చూడనివాళ్ళో, మధ్యలో మానేసినవాళ్ళో. అంటే మదర్సా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మందిని మింగింది పనీ, పేదరికమూ, ఈ గండీ. మదర్సా గురించి టీవీల్లో గంటలకొద్దీ మాట్లాడేవాళ్ళు మెకానిక్ షెడ్డులో పదేళ్ళ పిల్లవాడి గురించి ఒక్క నిమిషం మాట్లాడరు.

ఇప్పుడు పరిస్థితి ఇంకో మలుపు తిరిగింది. మా ఊళ్ళలో వీధికొక ఇంగ్లీషు కాన్వెంటు వచ్చింది. కాస్త కలిగినవాళ్ళందరూ, మా వాళ్ళలో దుబాయి డబ్బు వచ్చే ఇళ్ళతో సహా, అటు పోయారు. జడ్పీ హైస్కూళ్ళలో ఎక్కువగా మిగిలింది దళితుల పిల్లలు, బీసీల పిల్లలు, మా పిల్లలు. రెడ్డి పిల్లవాడు పక్క బెంచీలో లేడు. మేము ఇష్టపడి చేరిన ఉమ్మడి బడి, మిగిలినవాళ్ళ బడిగా మారిపోతోంది. 2022లో జీవో 117 పేరుతో 3, 4, 5 తరగతులను హైస్కూళ్ళలో కలిపే పని మొదలుపెట్టారు. 2025లో దాన్ని రద్దు చేశారు. ఆ మూడేళ్ళలో చిన్న బడి మూతపడుతుందేమోనని మొదట భయపడింది ఉర్దూ బడి ఉన్న మొహల్లాలే. గండి ఐదో తరగతి దగ్గర్నుంచి రెండో తరగతి దగ్గరికి జరిగితే ఏమవుతుందో మాకు చెప్పక్కర్లేదు.

2022 మార్చిలో శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. సంతోషం. బోర్డుల మీద ఉర్దూ అక్షరాలు కనిపిస్తాయి. కానీ అధికార భాష అయిన ఉర్దూలో పదో తరగతి దాకా లెక్కలూ సైన్సూ చెప్పే టీచర్ లేకపోతే ఆ అక్షరాలు చదివేదెవరు? కుప్పంలో 1997లో ద్రావిడ భాషల పేరుతో విశ్వవిద్యాలయం పెట్టారు. అదీ సంతోషమే. అదే కుప్పం వీధిలో తెలుగు, అరవం, కన్నడం, తురకం నాలుగూ మాట్లాడే సాయిబు పిల్లవాడున్నాడు. నాలుగు భాషలొచ్చిన పిల్లవాడు భాషలోనే ఫెయిలై బడి మానేస్తున్నాడంటే తప్పు వాడి నాలుకలో లేదు.

మేమడిగేది పెద్దదేం కాదు. ఉర్దూ బడిలో ఒకటో తరగతి నుంచే తెలుగు బాగా చెప్పే టీచరుండాలి. హైస్కూల్లో ఆరో తరగతిలో చేరే ఉర్దూ పిల్లలకు మొదటి ఏడాది తెలుగు కోసం వేరే తరగతి నడపాలి. అరవై మంది లెక్క చూపించి తప్పించుకోకుండా ఉర్దూ మాధ్యమాన్ని పదో తరగతి దాకా తీసుకుపోవాలి. ఆడపిల్లలకు నడిచిపోయేంత దూరంలో హైస్కూలుండాలి. చరిత్ర పాఠంలో గజనీతో పాటు నాల్‌బందులూ దూదేకులవాళ్ళూ కూడా కనపడాలి.

మావాళ్ళను కూడా ఒకటి అడగాలి. ప్రభుత్వ హైస్కూలు పేదల బడి అయిపోయిందని మొహం తిప్పుకోవద్దు. అది పాడైతే వాణియంబాడి షావుకారుకు నష్టం లేదు, కాన్వెంటుకు నష్టం లేదు. నష్టం మన చెల్లెలికి. స్కూలు కమిటీల్లో కూర్చోవాల్సింది, టీచర్ ఖాళీగా ఉన్న పోస్టు గురించి అర్జీ పెట్టాల్సింది మనం. పక్క వీధి దళితవాడ తల్లిదండ్రులతో కలిసి పెట్టాల్సింది.

ఈ సీమలో ఠాగూరు పేరు మీద, కృష్ణమూర్తి పేరు మీద ఎన్నో వ్యాసాలొచ్చాయి. ఇకముందూ వస్తాయి. బోర్డు హైస్కూలు నుంచి పాసై బయటికొచ్చిన మొదటి తురక అమ్మాయి ఎవరో, ఏ సంవత్సరమో, ఆ రోజు ఇంట్లో ఏమన్నారో ఎవరైనా రాస్తే మదనపల్లె చరిత్ర అప్పటికి సగమైనా పూర్తవుతుంది. ప్రతి జడ్పీ హైస్కూల్లోనూ పాత అడ్మిషన్ రిజిస్టర్లుంటాయి. చెదలు పట్టకముందే మన పిల్లలు పోయి వాటిని తెరవాలి.